అమ్మ సగం, నాన్న సగం

ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఆ పిల్ల మెడ మీద గడ్డలు లేచాయి. పరీక్ష చేస్తే ఈసారీ క్షయేనని తేలింది. స్కూలు రోజుల్లో ఊపిరితిత్తులకు వచ్చింది. పని నేర్చుకునే రోజుల్లో పొట్టకు వచ్చింది. ఇప్పుడు మెడకు. "మాత్రలు సరిగ్గా మింగి ఉండదు" అని బంధువులు తీర్పు చెప్పేశారు. బావైతే మొహం మీదే అన్నాడు. మెడ గడ్డల క్షయ ఎవరికీ అంటదని డాక్టరమ్మ ఎంత చెప్పినా, అక్కకు కొడుకు పుట్టినప్పటినుంచి పిట్ట ఆ ఇంటి గడప తొక్కలేదు. తొక్కనివ్వలేదనడమే సబబు. చివరికి డాక్టరమ్మ పిట్ట రక్తం తీసి దూరాన ఉన్న పెద్ద ల్యాబుకు పంపింది. "ఇన్నాళ్ళూ క్రిమి సంగతే చూశాం. ఇప్పుడు నీ ఒంటి సంగతి చూద్దాం" అంది. ఆ మాట పిట్ట గుండెల్లో ముల్లులా దిగి ఉండిపోయింది.

ఫలితం వచ్చిందని కబురందేసరికి ఆమె కళ్ళద్దాల షాపు వెనక గదిలో, లెన్సు అంచులు అరగదీసే మిషను ముందు కూర్చుని ఉంది. నీళ్ళు చిమ్ముతూ తిరిగే రాయి మీద గాజు కీచుమంటోంది. ముందుగదిలో షాపాయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్నాక పెళ్ళాం మొహంలో ముడతలు కనిపిస్తున్నాయట, పాతవే ఇచ్చెయ్యమంటున్నాడు ఒక పెద్దమనిషి. "ముడతలకు మాకు పూచీ లేదు బాబాయ్. ఆవిడక్కూడా ఒక జత చేయించు, మీ ఇద్దరి సంగతీ తేలిపోతుంది" అంటున్నాడు షాపాయన. పిట్ట నవ్వబోయింది. అప్పుడే జేబులో ఫోను అదిరింది.

"రిపోర్టు వచ్చిందమ్మా," అంది డాక్టరమ్మ. "మీ అమ్మగారిని కూడా తీసుకురా. ఇవాళే."

"చెడ్డదా డాక్టరుగారూ?"

"ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది," అంది డాక్టరమ్మ.

పిట్ట చెయ్యి జారింది. లెన్సు అంచు చిన్న పెచ్చుగా లేచిపోయింది. ఆ చప్పుడుకు షాపాయన తెర తొలగించి లోపలికి తొంగి చూశాడు. తిట్టడానికే వచ్చినవాడు ఆమె మొహం చూసి నోటి దాకా వచ్చిన మాట మింగేశాడు. "మిషను కట్టేసి వెళ్ళు," అన్నాడు. "గాజు ఇంకోటి చేద్దాం."

అమ్మ ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పనిలోంచి అలాగే వచ్చేసింది. ముంజేతుల మీద ఆవిరి తగిలి ఎర్రబడిన మచ్చలు, ఒంటినిండా తడిబట్ట కాలిన వాసన. ఆసుపత్రి వసారాలో బెంచీ మీద కూతురి పక్కన కూర్చుని, ఏమైందని అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుందని భయం. ఎదురుగోడ మీద దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమని బొమ్మ వేసి ఉంది. ఆ బొమ్మలో మనిషి పళ్ళికిలించి నవ్వుతున్నాడు.

"వీడికేం రోగం, ఇంత సంబరంగా దగ్గుతున్నాడు," అంది అమ్మ.

పిట్ట నవ్వలేదు. అమ్మ కూడా నవ్వించడానికని అనలేదు.

లోపల డాక్టరమ్మ గది చిన్నది. కిటికీ బార్లా తెరిచి ఉంటుంది, చలైనా ఎండైనా. బల్ల మీద ఊపిరితిత్తుల ప్లాస్టిక్ బొమ్మ, సగం తాగి మరిచిపోయిన టీ గ్లాసు. డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసింది. మామూలుగా ఆ తలుపు వెయ్యదు.

"ముందు ఒక మాట," అంది డాక్టరమ్మ. "మాత్రలు నువ్వు సరిగ్గానే మింగావు. తప్పు నీది కాదు."

పిట్ట ఆమె వంక చూస్తూ ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ఎవరైనా ఆ మాట అంటే చాలని ఎదురుచూసింది.

"మరి ఎందుకు వస్తోంది?" అంది అమ్మ.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఎక్కడ అర్థం కాకపోయినా ఆపండి. క్షయ క్రిమి గాల్లో వస్తుంది, మనలో చాలామంది పీల్చే ఉంటాం. నేను రోజూ పీలుస్తున్నాను. ఒంట్లో దాన్ని మింగే కణాలున్నాయి. మింగినంత మాత్రాన అది చావదు. లోపలే దాక్కుని బతికేస్తుంది. అందుకని మింగిన కణం సాయం రమ్మని పక్క కణాన్ని కేకేస్తుంది. ఆ కేక విని పక్క కణం ఒక రసాయనం వదులుతుంది. అది అందాకే మింగిన కణానికి చంపే బలం వస్తుంది. ఇంతవరకూ సరేనా?"

అమ్మ తలూపింది.

"నీ ఒంట్లో మింగే కణాలు బాగానే ఉన్నాయి పిట్టా. కేక కూడా వేస్తున్నాయి. పక్క కణానికి ఆ కేక వినే చెవి లేదు. పుట్టుకతోనే లేదు. ఆ చెవి ఎలా తయారవ్వాలో చెప్పే జన్యువులో తప్పుంది."

కిటికీ బయట ఎవరో చక్రాల మంచం తోసుకుపోతున్నారు. ఒక చక్రం కిర్రుమంటోంది.

"అంటే నాకు ఎప్పటికీ నయం కాదా?"

"అవుతుంది. మాత్రలు క్రిమిని చంపుతాయి. దాంతోపాటు, నీ ఒళ్ళు చెయ్యలేకపోతున్న ఆ రసాయనాన్ని బయటినుంచి సూదిమందుగా ఇవ్వొచ్చు. ఇన్నాళ్ళూ ఒంటిచేత్తో పోట్లాడావు. ఇప్పుడు రెండో చెయ్యి ఇస్తాం. మళ్ళీ రాదని రాసివ్వలేను. వస్తే ముందే పట్టుకుంటాం, అది మాత్రం చెప్పగలను."

పిట్ట కళ్ళు తుడుచుకుంది. భయం పోలేదు. ఇన్నాళ్ళూ చీకట్లో ఏదో కదులుతోందని భయపడ్డ మనిషికి దీపం వెలిగించి చూపిస్తే, కదిలేది నిజంగానే పాము అని తేలినట్టుంది. అయినా ఎక్కడుందో తెలిసింది. అది కూడా ఒక మేలే.

"మరి క్షయ వచ్చినవాళ్ళందరికీ ఇలాగే ఉంటుందా?" అంది.

"లేదు, లేదు. చాలామందికి సరైన తిండి లేకనో, గాలి ఆడని గదుల్లో కిక్కిరిసి ఉండో, షుగరు వల్లనో వస్తుంది. అందరిలోనూ జన్యువుల పాత్ర కూరలో ఉప్పులాగా కాస్తే ఉంటుంది. కొందరికి కొంచెం తొందరగా అంటుకుంటుంది, కొందరికి అంటదు. అంతవరకే. ఏ కొద్ది ఇళ్ళలోనో ఒక్క జన్యువే మొత్తం తేల్చేస్తుంది. మీది అలాంటి ఇల్లు."

"మా ఇల్లు అంటున్నారు," అంది అమ్మ నెమ్మదిగా. "దీని ఒళ్ళు అనలేదు."

డాక్టరమ్మ ఆమె వంక తిరిగింది. "అందుకే మిమ్మల్ని రమ్మన్నాను. ప్రతి జన్యువుకూ మనకు రెండు ప్రతులు వస్తాయి. అమ్మనుంచి ఒకటి, నాన్ననుంచి ఒకటి. ఒకటి బాగుంటే చాలు, పని జరిగిపోతుంది, మనిషికి ఏమీ తెలియదు. మీ అమ్మాయికి రెండూ చెడ్డవే వచ్చాయి. అంటే మీలో ఒకటి ఉంది, మీ వారిలో ఒకటి ఉండి ఉంటుంది. సగం మీరు, సగం ఆయన. ఇద్దరికీ తెలియదు. మీరూ ఆయనా ముందునుంచే బంధువులా?"

"మేనబావే." అమ్మ గొంతు కిందికి దిగింది. "కలిసి పెరిగాం."

"ఇంకా పిల్లలు పుట్టారా?"

అమ్మ ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇంట్లో ఆ ఊసు ఎత్తరు. పిట్ట కూడా చిన్నప్పుడు ఒకసారి అడిగి, మళ్ళీ అడగకూడదని నేర్చుకుంది.

"అందరికంటే ముందు ఒక మగపిల్లాడు," అంది అమ్మ. "పుట్టినప్పుడు బండలా ఉండేవాడు. చేతికి టీకా వేశారు. అందరి పిల్లలకీ ఎండిపోతుంది కదా ఆ పుండు, వాడికి ఎండలేదు. కారుతూనే ఉంది. తరవాత జ్వరం. ఏ మందుకీ లొంగలేదు. నడక రాకముందే పోయాడు. నా పాలు మంచివి కావంది మా అత్తగారు. దిష్టి అన్నారు కొందరు. పుండు కడిగేటప్పుడు నా చేతులు శుభ్రంగా లేవన్నది మా ఆడపడుచు." ఆమె ఎర్రమచ్చల చేతులు తిప్పి చూసుకుంది. "ఇప్పటికీ రోజుకి ఎన్నిసార్లు కడుక్కుంటానో ఈ పిల్లే చెప్తుంది."

డాక్టరమ్మ బల్ల మీదుగా చెయ్యి చాపి ఆ చేతుల మీద వేసింది. కాసేపటికి అంది: "మీ పాలు కాదు. మీ చేతులు కాదు. అదే లోపం వాడికీ ఉండి ఉంటుంది."

అమ్మ ఏడవలేదు. తల ఒకసారి ఆడించింది, దుకాణంలో ఎవరో సరైన ధర చెప్పినప్పుడు ఆడించినట్టు. కానీ ఆమె పెదవులు పాలిపోయాయి.

"టీకా మంచిది కాదా మరి?" అంది పిట్ట.

"చాలా మంచిది. లక్షలమంది పసిపిల్లలు దానివల్లే బతికారు. ఆ మాట బయట ఇంకోలా చెప్పొద్దు. దాంట్లో బతికున్న క్రిమే ఉంటుంది, కోరలు పీకిన పాములాంటిది. మామూలు పిల్లల ఒళ్ళు దాన్ని చంపి, చంపడం నేర్చుకుంటుంది. ఈ లోపమున్న పిల్లల ఒంట్లో మాత్రం కోరల్లేని పాము కూడా పెరిగి పెద్దదవుతుంది. నీకు వేసినప్పుడు ఎలాగో గట్టెక్కావు. ఒకే లోపమున్నా అందరికీ ఒకేలా ఉండదు. ఏ జబ్బూ లేకుండా ముసలివాళ్ళయ్యేవాళ్ళు కూడా ఉన్నారు." డాక్టరమ్మ ఆగింది. "మీకు పెద్దమ్మాయి ఉంది కదా. పెళ్ళయిందా?"

"అయింది."

"బయటి సంబంధమేనా?"

అమ్మ పిట్ట వంక చూసింది. పిట్టే చెప్పింది. "మా మేనమామ కొడుకే డాక్టరుగారూ. అమ్మ అన్నయ్య కొడుకు."

డాక్టరమ్మ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. గదిలో ఏదో మారింది; కిటికీ తెరిచే ఉన్నా గాలి చాలనట్టయింది.

"పిల్లలున్నారా?"

"బాబు. నెలల పిల్లాడు."

"టీకా వేయించారా?"

"లేదు," అంది అమ్మ. ఆ మాట ఆమె నోటినుంచి రాయిలా ఊడిపడింది. "పుట్టినప్పుడు బరువు తక్కువగా ఉన్నాడు. ఒళ్ళు చేశాక వేద్దామన్నారు ఆసుపత్రిలో. వెయ్యలేదు. ఇంకా వెయ్యలేదు."

"సరిగ్గా తెలుసా?"

"నా మనవడి సంగతి నాకు తెలీదా?"

డాక్టరమ్మ వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే మంచిది. భయపెట్టడం లేదు; బాబుకి ఉండొచ్చు, లేకపోవచ్చు. మీ పెద్దమ్మాయిలోనూ, అల్లుడిలోనూ చెడ్డ ప్రతి ఉంటేనే ప్రమాదం. రక్తం చూస్తే తెలుస్తుంది. అప్పటిదాకా ఆ ఒక్క టీకా వెయ్యనివ్వకండి. మిగతా టీకాల గురించి నేను చూసి చెప్తాను. రేపు పొద్దున్నే ముగ్గురినీ తీసుకురండి."

ఆసుపత్రి బయట బస్సు కోసం నిలబడే చోట సిమెంటు దిమ్మె ఉంది. అమ్మ దాని మీద చతికిలబడింది. బస్సు వచ్చింది, పోయింది. ఆమె లేవలేదు.

"అక్కతో ఇవాళ చెప్పకు," అంది.

"చెప్పకపోతే ఎలా అమ్మా? రేపు తీసుకురమ్మంది కదా."

"రేపు నేను వెళ్ళి మెల్లగా తీసుకొస్తాను. మామూలు చెకప్ అంటాను. నువ్వెళ్ళి ఈ జన్యువులూ గిన్యువులూ చెప్పావనుకో, అదసలే ఆకు కదిలితే అదిరిపోయే మనిషి. మీ బావ సంగతి చెప్పనే అక్కర్లేదు. మీ ఇంటి రోగం మా ఇంటికి తెచ్చారంటాడు."

"మన ఇల్లేమిటి, వాళ్ళ ఇల్లేమిటి? మీ అన్నయ్య కొడుకేగా. రెండూ ఒకే ఇల్లు."

"ఆ మాట వాడితో అను, చూద్దాం."

పిట్ట ఆమె పక్కన కూర్చుంది. "అమ్మా, నీకు నిజంగా దాని గురించే భయమా?"

అమ్మ రోడ్డు వంక చూస్తోంది. పండ్ల బండివాడు ఆపిల్ పళ్ళను గుడ్డతో తుడిచి మెరిసే వైపు పైకి పెడుతున్నాడు. "ఒకడు పోయాక ఎలా ఉంటుందో నాకు తెలుసు," అంది. "పోకముందు, పోతాడేమో అని చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో కూడా తెలుసు. అది ఇంకా ఘోరం. దానికి ఇవాళ ఒక్కరోజు హాయిగా ఉండనివ్వవే. రేపటినుంచి ఎలాగూ ఉండదు."

ఇంకో బస్సు దూరంగా మలుపు తిరిగింది. పసిపిల్లాడు బరువు పెరిగితే టీకా వేస్తామన్నారు. ఇప్పుడు వాడు నెలల పిల్లాడు. పెరిగే ఉంటాడు. వీధి చివర క్లినిక్కు ఉంది. రేపటికంటే ముందు ఇవాళ సాయంత్రం ఉంది. ఆ లెక్క తలలో పూర్తవకముందే పిట్ట లేచి నిలబడింది.

"నువ్వు రా అమ్మా."

"నా కాళ్ళు రావడం లేదే," అంది అమ్మ.

"అయితే ఇక్కడే కూర్చో. బాబుకి ఆ టీకా వేయించొద్దని చెప్పి వచ్చేస్తాను. అంతకంటే ఎక్కువ చెప్పను."

అక్క వాళ్ళది మూడంతస్తుల ఇంట్లో పై వాటా. మెట్ల మలుపుల్లో పాత సైకిళ్ళు, నీళ్ళ డబ్బాలు, ఎవరో ఆరేసిన చాపలు. పైకెక్కేసరికి పిట్టకు ఆయాసం వచ్చింది. ఇనపజాలీ తలుపు వేసి ఉంది. దాని వెనక చెక్కతలుపు సగం తెరిచి ఉంది. జాలీ పక్కన మేకుకు చేతులు కడిగే మందు సీసా వేలాడుతోంది. అది తన కోసమే అని పిట్టకు తెలుసు. ఎప్పుడైనా వస్తే ముందు దాంతో చేతులు రుద్దుకుని, రెండడుగులు వెనక్కి జరిగి, అప్పుడు పిలవాలి. ఇవాళ కూడా అలాగే చేసింది.

"అక్కా."

అక్క లోపల్నుంచి వచ్చింది. జుట్టు ముడి జారిపోయి ఉంది, భుజం మీద పాలు కక్కిన మరక. పెళ్ళికి ముందునుంచీ ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పని. గీత వంకరపోతే కాగితం చింపి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. ఇప్పుడు ఆమె చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. చెల్లెల్ని చూడగానే చెయ్యి అలవాటుగా ముక్కు మీదికి వెళ్ళింది. వెంటనే సిగ్గుపడి దించేసింది.

"ఏమిటే ఈ వేళప్పుడు? ఒంట్లో బాగా లేదా?"

"నేను బాగానే ఉన్నాను. ఒక మాట చెప్పి వెళ్తాను." దారి పొడుగునా నోట్లో తిప్పుకున్న వాక్యం తీరా చూస్తే కనిపించలేదు. "బాబుకి క్షయ టీకా వేయించొద్దు. డాక్టరమ్మ చెప్పమంది. నా కోసం కాదు, వాడి కోసమే. కొన్నాళ్ళు ఆగమంది."

అక్క కదల్లేదు. జాలీ కంతల్లోంచి ఆమె మొహం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది.

"ఎందుకు?"

"ఊరికే. ముందు ఒక రక్తపరీక్ష చేస్తారట. రేపు రమ్మంది."

"ఎందుకు పిట్టా?"

"చెప్పాగా, ఊరికే. ఇంకా వెయ్యలేదు కదా, తొందరేముంది?"

అక్క రెండు చేతులతో జాలీ పట్టుకుంది. వేళ్ళు కంతల్లోంచి ఇవతలికి వచ్చాయి. ఇన్ని నెలల్లో ఆ వేళ్ళు అంత దగ్గరగా రావడం ఇదే మొదలు.

"వేయించేశాను," అంది.

మెట్ల కింద ఎవరో సైకిలు జరుపుతున్నారు. ఆ చప్పుడు ఆగాకే పిట్టకు ఆ మాట అర్థమైంది.

"అమ్మ వెయ్యలేదంది."

"అమ్మకు చెప్పలేదు. నీకు తెలిస్తే నొచ్చుకుంటావని." అక్క గొంతు సన్నబడింది. "నీ మెడ మీద గడ్డలని తెలిసిన వారమే వేయించాను. బరువు పెరగనివ్వండి అంది క్లినిక్కులో ఆవిడ. నేనే వినలేదు. మా ఇంట్లో క్షయ ఉందండీ, మా చెల్లికి ఉందండీ, నా బిడ్డకి ఏమైనా అయితే మీదే భారం అని గొడవపెట్టుకున్నాను. వేసేదాకా అక్కడినుంచి కదల్లేదు. నీ భయంతోనే వేయించానే. నీ భయంతోనే."

పిట్ట గోడకు ఆనుకుంది. కోపం రావాల్సింది. రాలేదు. తన మీద ఇంత భయం పెట్టుకుని, ఆ భయం తనకు కనిపించకుండా దాచిపెట్టిన అక్క జాలీ పట్టుకుని నిలబడి ఉంది. కాపాడుకోవాలనే కదా చేసింది. ఎవరైనా అదే చేస్తారు. ఇంకే ఇంట్లోనైనా అదే సరైన పని.

"ఇప్పుడు చెప్పు," అంది అక్క. "ఊరికే అనకు."

పిట్ట చెప్పింది. డాక్టరమ్మ చెప్పినంత బాగా చెప్పడం రాలేదు. కేక అంది, చెవి అంది, అమ్మ సగం నాన్న సగం అంది. పుట్టి చనిపోయిన అన్న సంగతి చెప్పింది. పుండు మానలేదన్న మాట దగ్గర నాలుక తడబడింది. అన్నీ చెప్పి, "బాబుకి ఉండకపోవచ్చక్కా, ఉండకపోవచ్చని డాక్టరమ్మే అంది" అని రెండుసార్లు అంది. మూడోసారి అనబోతుంటే అక్క లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు వేసేసుకుంటుందనుకుంది పిట్ట. మెట్ల వంక తిరిగింది కూడా. వెనక గొళ్ళెం తీసిన చప్పుడైంది.

ఇనపజాలీ బార్లా తెరుచుకుంది. అక్క బాబును రెండు చేతుల మీద ఎత్తుకుని గడప మీద నిలబడి ఉంది.

"చూడవే," అంది. "నాకు కళ్ళు కనిపించడం లేదు. నువ్వు చూడు."

"నేను ముట్టుకోనా?"

"ముట్టుకో. ఎత్తుకో. నాకేం తెలీడం లేదు, నువ్వు రా లోపలికి."

పిట్ట అక్క కొడుకును అప్పటిదాకా ఫోనులోనే చూసింది. ఇంత చిన్నగా ఉంటాడనుకోలేదు. చేతుల్లోకి తీసుకోగానే వాడు కళ్ళు తెరిచి, కొత్త మొహాన్ని గంభీరంగా పరిశీలించి, మళ్ళీ మూసుకున్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన చేతులు చల్లబడ్డాయేమో, అందుకే వాడి ఒళ్ళు వెచ్చగా తగులుతోందేమో అనుకుంది. బుగ్గను వాడి నుదుటికి ఆనించింది. ఆ వేడి వాడి ఒంటిదే.

"జ్వరమా వీడికి?"

"రెండు రోజులనుంచి కాస్త వెచ్చగా ఉంటున్నాడు. పాలు సగం తాగి వదిలేస్తున్నాడు. పళ్ళు వస్తున్నాయేమోలే అన్నాడు మీ బావ." అక్క బాబు చొక్కా విప్పడానికి ప్రయత్నిస్తోంది, గుండీ వేళ్ళకు అందడం లేదు. పిట్టే విప్పింది. వాడిని మంచం మీద దిండుకు ఆనించి పడుకోబెట్టారు. ఎడమ భుజం మీద టీకా వేసిన చోట పుండు ఎర్రగా, అంచులు పైకి లేచి, తడిగా ఉంది.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది మామూలే అన్నారు క్లినిక్కులో. మానుతుందన్నారు."

పిట్ట డాక్టరమ్మకు ఫోను చేసింది. రెండోసారికి ఎత్తింది. స్పీకరు పెట్టి దిండు పక్కన ఉంచింది. సంగతి విని డాక్టరమ్మ నిట్టూర్చలేదు, ఎందుకు వేయించారని అడగలేదు. గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనానికే పిట్టకు ఎక్కువ భయం వేసింది.

"వేసి ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. అక్క చెప్పింది. "సరే. పుండు చెమ్మగా ఉండటం చాలామంది పిల్లల్లో ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. ఇప్పుడు వేళ్ళతో ఎడమ చంకలో చూడు. మెల్లగా."

పిట్ట చూసింది. శనగగింజంత ఉండ ఒకటి చర్మం కింద అటూ ఇటూ కదిలింది. వాడు మూలిగాడు.

"ఉంది డాక్టరుగారూ."

అక్క మంచం కోడు పట్టుకుంది.

"వినండి, ఇద్దరూ వినండి," అంది డాక్టరమ్మ. "అది కూడా ఏ లోపమూ లేని పిల్లల్లో వస్తుంది. టీకా వేసిన వైపు చంకలో గడ్డ రావడం కొత్త కాదు, చాలావరకు దానంతటదే పోతుంది. టీకా వేసిన వైపే ఉంటే మనకింకా టైముంది. అర్థమైందా? ఇప్పుడు రెండో వైపు చూడాలి. కుడి చంక. తరవాత మెడ, రెండు పక్కలా. అక్కడ ఏమీ ఉండకూడదు."

"ఉంటే?" అంది అక్క.

"ముందు చూడండి."

అక్క బాబు కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తింది. వాడు ఆట అనుకున్నాడో ఏమో, పిడికిలి విప్పి ఆమె చూపుడువేలు బిగించి పట్టుకున్నాడు. పిట్ట రెండు వేళ్ళు వాడి చంకలో పెట్టింది. మెత్తటి చర్మం, దాని కింద పక్కటెముకల కదలిక, ఆ పక్కనే గుండె కొట్టుకోవడం, పిచ్చుక గుండెలా. వేళ్ళు మెల్లగా వెనక్కి జరిపింది. ఇంకాస్త లోపలికి.

అక్క బిడ్డ వంక చూడటం లేదు. చెల్లెలి మొహం వంకే చూస్తోంది. మొహంలో ఏదీ కనిపించకూడదని పిట్ట పళ్ళు బిగించింది.

వేళ్ళు ఒకచోట ఆగాయి.

"ఏమే," అంది అక్క. "ఏమైనా తగిలిందా?"

దిండు పక్కన ఫోనులో డాక్టరమ్మ కూడా అదే అడిగింది.